తినని నెలకు పట్టిన చేపలు

“పదకొండా? ఏందయ్యా గిది! పదకొండు చేపలు మనింట్ల ఎవలు తింటరు?”

“జెర మెల్లగ మాట్లాడవే. వాడకట్టంత ఇంటున్నది.”

“ఇననియ్. గంజుల రెండే పడ్తయని నీకు ఎరుకలేదా? రెండే తెమ్మన్ననా, లేదా?”

“అన్నవ్. నేను కాదంటున్ననా? కని రేపటి సంది శ్రావణమాయె. నెల దినాలు ఇంట్లకు చేప రాదు. గందుకే నెలకు సరిపోయేటట్టు పట్టుకొచ్చిన.”

“తినని నెలకు సరిపోయేటట్టు పట్టుడేందయ్యా?”

మా ఆయన బకెట్టు వాకిట్లో కింద పెట్టి, చేపల వైపు చూశాడు, వాటికేమైనా తెలుసేమోనని.

ముప్పై ఆరేళ్ళు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మనిషి. నట్టు అరచుట్టు వదులైనా చప్పుడు విని చెప్పేవాడు. అలాంటి మనిషి ఆదివారం తెల్లారకముందే లేచి, యాప్రాల్ దాటి ఆ చెరువు దాకా పోయి, ఎండలో కూర్చుని, ఒక్కొక్క చేపనూ బకెట్టులో వేస్తూ ‘ఇది మొదటి వారానికి, ఇది రెండో వారానికి’ అని లెక్కేసుకున్నాడట. ఆ వారాల్లో మేము నీచు ముట్టమన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు దోస్తులూ అదే లెక్క వేశారట. ముగ్గురూ రిటైరైనవాళ్ళే. ముగ్గురికీ కలిపి వచ్చిన తెలివి అది.

“ఎండకాలంల మామిడికాయ తొక్కు పెట్టుకుంటం గద, ఏడాదికి సరిపడ. గట్లనే అనుకున్న” అన్నాడు చివరికి.

నాకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే మా ఇంట్లో ఇంక నా మాట ఎవరూ వినరు. పైగా ఆ రోజు నవ్వడానికి వీల్లేని చిక్కు ఒకటి ఉంది. నేనే పెట్టిన చిక్కు.

రెండు నెలల ముందు మృగశిర నాడు ఊరంతా చేపలు తింటుంది కదా అని ఈయన సంచెడు పట్టుకొచ్చాడు. అన్నీ వేలెడంత పరకలు. సంచీలోనే ఎండకు వాడిపోయి, బస్సు దిగేసరికి సగం పాడయ్యాయి. వాటిని మోరీ పక్కన పారబోస్తూ కోడలి ముందే అన్నాను: “ఇంకొక్క చేప, ఒక్క ముక్క దండుగ పోయిందా, నీ గాలం కర్ర పాతసామాన్లోనికి పోతది. మల్ల గాలం ముచ్చట ఈ ఇంట్ల ఉండది.” ఫైబరు కర్రను పాతసామాన్లవాడు తీసుకుంటాడో లేదో నాకు తెలియదు. అయినా అన్నాక అన్నట్టే. నేను ఒక మాట అని వెనక్కి తీసుకోవడం మా కోడలు ఈ పన్నెండేళ్ళలో చూడలేదు.

ఆ కర్ర పోవాలని నాకూ లేదు. ఉద్యోగం అయిపోయాక రెండేళ్ళు ఈయన గడప మీద కూర్చునేవాడు. వర్క్‌షాపు సైరన్ మోగితే లేచి నిలబడేవాడు. ఎక్కడికి పోవాలో గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేవాడు. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. పాత దోస్తు ఒకడు ఆ నీలం రంగు కర్ర చేతిలో పెట్టి చెరువుకు లాక్కుపోయిన తర్వాతే మనిషి మనిషయ్యాడు. ఇప్పుడు శనివారం నుంచే పిండి ముద్దలు కలుపుకుంటాడు, దారం సరిచూసుకుంటాడు, పాటలు సైతం పాడతాడు. పాట బాగుండదు, అది వేరే సంగతి. ఆ కర్ర పోతే ఆయన మళ్ళీ గడప మీదికే వస్తాడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. బకెట్టు ముందు నిలబడి ఆయన ఒక్కసారి గోడకున్న మేకు వైపు చూశాడు, కర్రను అక్కడే తగిలిస్తాడు. నన్ను తిట్టినా బాగుండేది.

చేపల సంగతి నాకు ఆయన నేర్పాల్సిన పని లేదు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని లాలాగూడ, సీతాఫల్‌మండి తిరిగి చేపలు అమ్మేది. మూడో తరగతిలో నా చదువు ఆగింది. తరాజు పట్టుకుని ఆమె వెనక తిరగడం మొదలైంది. మొప్పలు చూసి చేప ఏ పూటదో చెప్పడం, పొట్ట తడిమి గుడ్లున్నాయో లేదో చెప్పడం అప్పుడే వచ్చాయి. మా అమ్మ చేతిలో ఒక్క చేప తోక దండుగ పోయింది నేను చూడలేదు.

అందుకే మృగశిర తర్వాత మా ఆయనను కూర్చోబెట్టి కొన్ని మాటలు చెప్పాను. చిన్న చేపను నీళ్ళలోకి వదిలెయ్యాలి. ఎంత చిన్నది అంటే, కూర కలిపే పొడుగు గంటె ఇచ్చాను. దీనికంటే పొట్టిది ఇంటికి రావద్దు. వదిలేటప్పుడు ముందు చెయ్యి తడుపుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి అది బతకదు. గుడ్లతో ఉన్నది దొరికితే దండం పెట్టి వదలాలి. తెగిన దారం గట్టు మీద పడెయ్యకుండా ఇంటికి తేవాలి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. గంజులో పట్టేవి రెండు, ఆ రెండూ దొరికాక గాలం చుట్టెయ్యాలి. తర్వాత ఊరికే కూర్చుని గాలి పీల్చుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు.

ఆ చెరువు మీద హక్కున్న చేపల సంఘంవాళ్ళ మాట వాళ్ళకుంది. పొద్దున చీటీ రాయించుకోవాలి, పట్టింది తినడానికే, అమ్మకూడదు.

గంటె సంగతికి దోస్తులు మొదట పడీపడీ నవ్వారట. “మీ ఇంటిది చెరువు కాడికి సుత గంటె పంపిందారా!” అని. నెల తిరిగేసరికి ఇద్దరూ దాన్నే అడిగి తీసుకుని కొలుస్తున్నారని ఈయనే చెప్పాడు. చెప్పేటప్పుడు కొంచెం గర్వంగానే చెప్పాడు.

ఆ పదకొండూ గంటె కంటే పొడుగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. గోనెసంచి తడిపి కప్పి, ఐసు వేసి తెచ్చాడు. మొప్పలు ఎర్రగా ఉన్నాయి. తొమ్మిది రవ్వలు, రెండు బొచ్చెలు. తడిమి చూస్తే రెండు రవ్వల పొట్టలు మెత్తగా, నిండుగా ఉన్నాయి.

“గీ రెండూ గుడ్లతోని ఉన్నయ్.”

“మంచిగ బలిసినయని సంబురపడ్డ.”

“నీ పొట్ట సుత గట్లనే ఉన్నది. నిన్నూ గుడ్లున్నయని వదిలిపెట్టాల్నా?”

మా కోడలు వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. “అత్తమ్మా, ముందే చెప్తున్న. ఫ్రిజ్ కడిగిన. సోడా ఏసి, నిమ్మకాయతోని రుద్ది రుద్ది నా రెక్కలు పోయినయ్. రేపు పొద్దుగాల పూజ. అండ్ల చేప పెడ్తే నేను మా అమ్మగారింటికి పోతా.”

“ఎవలు పెడ్తరే? నేను పెడ్తనా?” అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

అప్పటికి మూడు దాటింది. రెండు మా గంజుకు. గుడ్లున్న ఆ రెండింటినే ఇంటికి ఉంచాను, మన తప్పు మన ఇంట్లోనే ఉడకాలని. మిగిలినవి తొమ్మిది. పొద్దుగూకేలోపు తొమ్మిదింటికీ తినే నోళ్ళు వెతకాలి.

చేపలను పెద్ద తసలలోకి మార్చి తడిగుడ్డ కప్పాను. “పట్టుకో” అన్నాను. ఆయన తసల ఎత్తుకున్నాడు. నేను ముందు, ఆయన వెనక. కొంగు నడుముకు చుట్టుకుని గల్లీలోకి దిగానో లేదో, ఎన్నేళ్ళ నాటి అరుపో గొంతులోంచి తన్నుకొచ్చింది. ఆపుకున్నాను. అమ్మడానికి పోవడం లేదు కదా.

శ్రావణం ముందు ఆదివారం మా గల్లీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. నెల రోజుల ముచ్చట ఒక్క పూటలో తీర్చుకోవాలని ప్రతి ఇంట్లో కుక్కరు కూత వేస్తుంటుంది. ఎవరి తలుపు కొట్టినా మటన్ వాసనే ముందు వచ్చి జవాబు చెప్పింది. ఒక ఇంట్లో కిలోన్నర తెచ్చారు, వాళ్ళది వాళ్ళకే ఎక్కువైంది, నాకే ఒక గిన్నెడు ఇవ్వబోయారు. ఇంకో ఇంట్లో తిని, గిన్నెలు చింతపండుతో తోమి బోర్లించేశారు. వెనకాల ఈయన ఊరుకోడు. “గీ బొచ్చె ఎట్ల పడ్డదో ఎరికేనా? పావు గంట గుంజింది...” అని మొదలుపెడతాడు.

“నువ్వు తసల పట్టుకోనీకి వచ్చినవ్. కథలు చెప్పనీకి రాలే” అన్నాను.

ఇంటికి తిరిగొచ్చి మా మేడ మీద అద్దెకున్నావిడ తలుపు కొట్టాను. వాళ్ళది గోదావరి వైపు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. తసల మీద గుడ్డ తీయగానే ఆమె కళ్ళు వెలిగిపోయాయి.

“అయ్య బాబోయ్, రవ్వలా! ఎంత బాగున్నాయండి పిన్నిగారూ! మాకు శ్రావణం పట్టింపు లేదండి. మేం కార్తీకమే మానేస్తాం.”

నా ప్రాణం లేచొచ్చింది. “అయితే తొమ్మిది తీస్కో బిడ్డా.”

“తొమ్మిదే! ఇద్దరం ఏం తింటామండి? పైగా రేపు సోమవారం, ఆయన ఉపవాసం. రెండు తీసుకుంటాను.”

“మూడు తీస్కో. మీ దిక్కు పులుసు ఎక్కువ పెడ్తరంట గద.”

“పులుసు పెడతాం గానీ అందులో ఈదమండి కదా” అంది. అంటూనే మూడు తీసుకుంది. మామిడికాయ ముక్కలు వేస్తుందట. చింతపండు ఉండగా మామిడికాయ ఎందుకో నాకు అర్థం కాదు. మూడు చేపలు పోతున్నప్పుడు అది అడిగే వేళ కాదని ఊరుకున్నాను.

ఆరు మిగిలాయి. “ఇగ దర్జీవాళ్ళ ఇంటికి పోదాం” అన్నాడు ఈయన. మొదటే నాకు ఆ ఇల్లు తట్టింది. ముసల్మానుల ఇల్లు, శ్రావణం లేదు, ఇంటినిండా మనుషులు. కానీ మొదటే పోవడానికి మొహం చెల్లలేదు. ఎందుకో ఆ తలుపు దగ్గరికి పోయాక తెలిసింది.

దర్జీ భార్య నన్ను చూసింది, తసల చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుంది.

“మీరు సుత వచ్చిండ్రా అమ్మా?”

“సుత అంటే?”

ఆమె నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి ఫ్రిజ్ తలుపు తీసింది. పై అరలో చికెన్. కింది అరలో చికెన్. కూరగాయలుండే చోట మటన్ ఎముకలు. తలుపుకు గుడ్లు, ముప్పై పైనే. “ఇది మూలింటోళ్ళది. ఇది నల్లా కాడి ఇంటోళ్ళది. ఇది ఎవరిదో నాకు సుత యాద్ లేదు. శ్రావణం మీకు, పరేషాన్ నాకు. ప్రతి ఏడాది ఇదే తమాషా. గల్లీ మొత్తం ఫ్రిజ్‌లు కడుగుతరు, నా ఫ్రిజ్ నింపుతరు. మేము తినీ తినీ బీమార్ పడ్తం.”

పోయిన ఏడాది నేనిచ్చిన కోడి సంగతి ఆమె ఎత్తలేదు. మంచి మనిషి.

“చికెన్ నిలువ ఉంటదమ్మా. చేప ఉండది. ఇయ్యాల పొద్దుమీకి చేప తినుండ్రి, రేపు చికెన్ తినుండ్రి” అన్నాను.

“తింటం. కని కోసుడు ఎవరు చేస్తరు? నాకు రేపు పొద్దుగాల ఇయ్యాల్సిన బ్లౌజులు ఆరున్నయ్.”

“నేను కోస్త.”

“పొలుసు తీసి?”

“తీసి, కడిగి, ఉప్పు కారం పసుపు పెట్టి నీ చేతిల పెడ్త. కడాయిల ఏసుడే నీ పని.”

“అయితే నాలుగు” అంది.

వాళ్ళ గడప ముందు పీట వేసుకుని, కత్తిపీట కాలి కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నేళ్ళయిందో అలా వీధి మొహాన కూర్చుని చేప కోసి. చేతులు మరిచిపోలేదు. పొలుసులు రాలుతుంటే ఈయన చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు. రెండో చేప సగంలో ఉండగా రైలు గార్డు ఒకడు పెట్టె పట్టుకుని డ్యూటీకి పోతూ ఆగాడు.

“అమ్మా, రవ్వ ఎట్ల ఇస్తున్నవ్?”

“అమ్ముతలే బిడ్డా. ఊరికెనే తీస్కపో. రెండున్నయ్.”

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఊరికెనా? ఎందుకు? ఏమన్న పాడయిందా?”

“పాడెందుకైతది? మొప్పలు చూడు.”

చూశాడు. వాసన చూశాడు. అనుమానం ఇంకా పెరిగింది. “మంచిగనే ఉన్నది కద. మరి ఊరికెనే ఎందుకిస్తున్నవ్?”

ఈయన కలగజేసుకుని శ్రావణం, లెక్క, మొదటి వారం, రెండో వారం అంతా చెప్పాడు. అది విన్నాక ఆ గార్డు పెట్టె చెయ్యి మార్చుకుని పోబోయాడు. ఇంత పిచ్చి కథ నిజమని ఎవరు నమ్ముతారు?

మా అమ్మ నాకు గుర్తొచ్చింది. తల ఎత్తకుండానే ఒక ధర చెప్పాను. కొంచెం ఎక్కువే చెప్పాను.

పెట్టె కింద పెట్టాడు. “గంతనా? మార్కెట్ల గూడ గంత లేదు.”

“మార్కెట్ల ఐసుది. ఇది పొద్దుగాల చెరువుల ఈదింది.”

“సగం ఇస్త.”

“సగానికి తోక వస్తది.”

అలా కాసేపు నడిచింది. అతని మొహం వికసించింది, నాకూ ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. బేరం కుదిరింది. జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు ఈయన నా చెవిలో “అమ్మరాదు, సంఘపోళ్ళు చీటీ మీద రాసిండ్రు” అన్నాడు. నాకు తెలియదా! రెండూ సంచీలో వేసి అతని చేతికిచ్చి, “పైసలొద్దు. ఇయ్యాలనే వండుకో, పారేస్తే నీ పాపం” అన్నాను. నా మనసు మళ్ళీ ఎక్కడ మారుతుందోనని కాబోలు, వెనక్కి చూడకుండా స్టేషను వైపు నడిచాడు. గార్డులు బస చేసే రన్నింగ్ రూములో నలుగురం ఉంటాం, వండించుకుంటాం అని మలుపు దగ్గర నుంచి అరిచాడు.

నాలుగూ కోసి, కారం పట్టించి, గిన్నె దర్జీ భార్య చేతిలో పెట్టేసరికి దీపాలు పెట్టే వేళయింది. తసల ఖాళీ. ఈయన దాన్ని బోర్లించి నాకు చూపించాడు. పదకొండింటికీ దారి దొరికింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన నా ముందు నడిచాడు, పాట కూడా ఎత్తుకున్నాడు.

ఇంట్లో మిగిలిన రెండింటినీ కోశాను. పొట్టల్లోంచి రెండు గుడ్ల సంచులు వచ్చాయి, పసుపు రంగులో, అరచేతి నిండా. చేపలో నాకు అన్నిటికంటే ఇష్టం అదే. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పొరటితే నాకు ఇంకేం అక్కర్లేదు. తలకాయలు, తోకలు అన్నీ గంజులో పులుసు పెట్టాను. అందరం కడుపునిండా తిన్నాం. కోడలు రెండుసార్లు వేసుకుంది. ఈయన బొచ్చె పావు గంట గుంజిన కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు, ఎవరం ఆపలేదు. మధ్యాహ్నం తిట్టినదాన్ని నేనే అయినా, ఆ రాత్రి ఆయన ముఖం చూస్తే నాకు బాగానే అనిపించింది. తిన్నాక గంజు అడుగు గోరుతో గీకి మరీ చూశాను. ఒక్క ముక్క లేదు.

మర్నాడు పొద్దున కోడలు తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, పూజకు పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిచింది. గల్లీ చివరి దాకా వినబడేలా కేక పెట్టింది. పాల గిన్నె వెనక, కొత్తిమీర కట్ట కింద, మూతపెట్టిన స్టీలు డబ్బాలో చేప గుడ్లున్నాయి. ముందు రోజు అందరికీ వడ్డించే హడావుడిలో, ఇష్టమైనది కదా, రేపు తీరుబాటుగా వండుకుందామని నేనే పెట్టాను. నా చేత్తో పెట్టాను. రేపు ఏ రోజో నా బుర్రకు తట్టలేదు.

“అత్తమ్మా!” అంది కోడలు.

మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి డబ్బాలోకి చూశాడు. నన్ను చూశాడు. నోట్లో నురగ ఉండబట్టి ఏమీ అనలేదో, లేక ఉమ్మేశాక కూడా అనదలుచుకోలేదో తెలియదు.

నేను డబ్బా కొంగు కింద పెట్టుకుని దర్జీవాళ్ళ ఇంటికి పోయాను. దర్జీ భార్య తలుపు తీసి, మూత ఎత్తి చూసి, “ఆమ్లెట్ల ఏస్త” అని లోపలికి తీసుకుపోయింది. ఇంటికి తిరిగి వచ్చి, సోడా కలిపి, నిమ్మకాయ కోసి, ఫ్రిజ్ మొత్తం నేనే కడిగాను. ఆయన పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోశాడు. గాలం కర్ర మేకుకే ఉంది.